కేకు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు

ఇంట్లో కేకు చేసుకోవడం గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా అంటారు: ఓపిగ్గా, ప్రేమగా చేయండి, బాగా వస్తుంది అని. ప్రేమ సంగతి పక్కన పెడదాం. ఓపిక గురించిన సలహా మాత్రం సగమే నిజం. కేకు పనిలో కొన్నిచోట్ల నింపాదిగా ఆగాలి, ఇంకొన్నిచోట్ల ఆగితే కేకు చెడుతుంది. చాలా వంటిళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. వెన్నా పంచదారా గిలకొట్టే పని 2 నిమిషాల్లో ముగించేస్తారు, మైదా వేశాక మాత్రం ఉండలన్నీ పోవాలని 10 నిమిషాలు శ్రద్ధగా కలుపుతూ కూర్చుంటారు. ఓవెన్ సరిగ్గా వేడెక్కకముందే టిన్ను లోపల పెట్టేసి, 15వ నిమిషానికే తలుపు తీసి చూస్తారు. తీరా కేకు పిడచకట్టుకుపోయాక నింద రెసిపీ మీదకో ఓవెన్ మీదకో పోతుంది.

బాగా వచ్చిన కేకుకీ చెడిపోయిన కేకుకీ పట్టే మొత్తం సమయంలో పెద్ద తేడా ఉండదని నా వాదన. ఆ సమయాన్ని ఎక్కడ ఖర్చు పెట్టారన్నదే తేడా. ఇది తేలాలంటే ఒక కేకుని మొదటినుంచీ చివరిదాకా చూడాలి. అందుకు అన్నిటికన్నా సాదాదాన్ని తీసుకుందాం, ఎందుకంటే అందులో తప్పు దాచడానికి చోటు ఉండదు.

ఉప్పులేని వెన్న 200 గ్రాములు, పంచదార 200 గ్రాములు, గుడ్లు పెంకు తీసి తూచి 200 గ్రాములు (సాధారణంగా 4 గుడ్లు), మైదా 200 గ్రాములు. వీటితోపాటు ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వెనీలా ఎసెన్స్, 2 టేబుల్ స్పూన్ల పాలు. 20 సెంటీమీటర్ల వెడల్పు, కనీసం 7 సెంటీమీటర్ల లోతు ఉన్న గుండ్రటి టిన్ను. ఓవెన్ 170 డిగ్రీల సెల్సియస్, సుమారు 50 నిమిషాలు. నాలుగు సరుకులూ సమానమైన బరువు. పౌండ్ కేకు అంటే ఇదే. ఒక్కోటి ఒక పౌండు చొప్పున వేసేవాళ్లు కాబట్టి ఆ పేరు. పాత లెక్కలో బేకింగ్ పౌడర్ లేదు. అప్పటికి అది పుట్టలేదు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ దాన్ని తయారు చేసింది 1843లో. అంతకుముందు 18వ శతాబ్దపు ఇంగ్లిష్ వంట పుస్తకాలు ఈ పిండిని చేత్తోనో చెక్క గరిటెతోనో గంటసేపు కొట్టమని రాసేవి. పొంగడానికి కావలసిన గాలినంతా చేతులే నింపాలి మరి.

ఆ గంట ఇప్పుడు అక్కర్లేదు. కానీ బేకింగ్ పౌడర్ వచ్చింది కదా, ఇక గిలకొట్టడంతో పనేముంది అనుకోవడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు. పిండిలో ముందే ఉన్న సన్నటి గాలి బుడగల్లోకి తన వాయువుని చేర్చి, వాటిని పెద్దవి చేస్తుంది. బుడగలు కొన్నే ఉంటే వాయువంతా ఆ కొన్నిటిలోకే పోతుంది, అవి ఉబ్బి పైకి తేలి పగిలిపోతాయి. అందుకే గాలి ఎక్కని పిండిలో పౌడర్ రెట్టింపు వేసినా కేకు గుల్లబారదు. పైగా నాలిక మీద సబ్బులాంటి చేదు మిగులుతుంది.

తూకం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. కప్పు లెక్క వద్దు. అదే కప్పుతో మైదాని చెంచాతో మెల్లగా నింపితే 120 గ్రాములు వస్తుంది, డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా వస్తుంది. అంటే నాలుగో వంతు మైదా ఎక్కువ. కేకు ఎండిపోయినట్టు, గట్టిగా రావడానికి అదొక్కటి చాలు. వంటింటి డిజిటల్ త్రాసు లేకుండా కేకు గురించి ఎన్ని మెళకువలు నేర్చుకున్నా గాలిలో దీపమే.

వెన్న దగ్గర

మొదటిసారి ఆగాల్సింది ఇక్కడ, పైగా ఇక్కడ మీరు చేసే పనేమీ ఉండదు. వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత గట్టి వెన్నలో పంచదార పలుకులు దిగవు, గాలి నిలవదు. 24 డిగ్రీలు దాటితే వెన్న జారుతుంది. అందులో చేరిన గాలి చేరినట్టే బయటికి పోతుంది. థర్మామీటర్ లేకపోతే వేలితో నొక్కి చూడండి. వేలు గుంట చేయాలి గానీ లోపలికి దిగిపోకూడదు. వెన్న పైన మెరుపు ఉండకూడదు. నూనెలా మెరుస్తోందంటే ఆలస్యమైపోయింది, మళ్ళీ 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి.

తొందరగా కావాలంటే వెన్నని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి పళ్లెంలో విడివిడిగా పరవండి, అరగంటలోపే దారికి వస్తుంది. గది బాగా వేడిగా ఉంటే 10 నిమిషాలకోసారి చూస్తుండాలి. మైక్రోవేవ్ మాత్రం వద్దు. వెన్న ముద్ద బయట గట్టిగా ఉండి మధ్యలో కరిగిపోతుంది, కరిగిన భాగం మళ్ళీ గడ్డకట్టినా గాలిని మునుపటిలా పట్టుకోదు. గుడ్లు కూడా ఇదే సమయంలో బయట పెట్టేయండి. మర్చిపోతే పెంకుతోనే గోరువెచ్చని నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

పంచదార సన్నగా ఉండాలి, కానీ పొడి కాకూడదు. పెద్ద పలుకులున్న పంచదార అయితే మిక్సీలో రెండు మూడు సెకన్లపాటు తిప్పి ఆపండి, రవ్వలా పలుకు తగలాలి. మెత్తటి పొడి చేసేస్తే అసలు పనే పోతుంది. వెన్నలో గాలికి దారి చేసేవి ఆ పలుకుల అంచులే. ప్రతి పలుకూ వెన్నని చీల్చుకుంటూ వెళ్తుంది, ఆ చీలికల్లో గాలి చేరుతుంది. పొడికి అంచులు ఉండవు.

ఇప్పుడు గిలకొట్టడం. ఇది దగ్గరగా చూడాల్సిన ఘట్టం. హ్యాండ్ మిక్సర్‌ని మధ్య వేగంలో పెట్టండి. మొదటి నిమిషంలో గిన్నెలో ఉన్నది తడి ఇసుకలా పసుపు రంగులో, ముద్దలు ముద్దలుగా బీటర్‌కి అంటుకుంటుంది. రెండో నిమిషానికి ముద్దలన్నీ కలిసి పేస్టులా అవుతాయి. చాలామంది ఆపేసేది ఇక్కడే, చూడటానికి కలిసిపోయినట్టే ఉంటుంది కాబట్టి. కలవడం అయింది, గాలి ఎక్కడం ఇంకా మొదలవుతోంది. మిక్సర్ ఆపి గిన్నె అంచుల్నీ అడుగునీ స్పాచులాతో గీకి మళ్ళీ మొదలుపెట్టండి. మూడో నిమిషంలో రంగు మారడం కనిపిస్తుంది, పసుపు తగ్గి మీగడ రంగులోకి వస్తుంది. నాలుగైదు నిమిషాలకి ఇంచుమించు తెల్లబడి, గిన్నెలో పరిమాణం పెరిగి, బీటర్ తిరిగిన చోట చాళ్లు చెదరకుండా నిలుస్తాయి. బీటర్ ఎత్తితే మెత్తటి కుచ్చులా నిలవాలి, జారి పడకూడదు. చేత్తో విస్కర్ పట్టుకుని కొడితే ఇదే స్థితికి 10 నిమిషాలకు పైనే పడుతుంది, భుజం నొప్పి అదనం.

రెసిపీల్లో కనిపించే ఒక సూచన గురించి ఇక్కడే చెప్పాలి: "పంచదార పూర్తిగా కరిగేవరకు గిలకొట్టండి" అని. అది జరగని పని. వెన్నలో ఉన్న నీళ్లు 16 శాతం దాకానే, దానికి సమానమైన బరువున్న పంచదార ఆ కాస్త నీళ్లలో కరగదు. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి పలుకు తగులుతూనే ఉంటుంది, తగలాలి కూడా. కరగలేదని ఇంకో 10 నిమిషాలు కొట్టేవాళ్లు రాపిడి వేడికి వెన్నని కరిగించుకుంటారు. రంగునీ పరిమాణాన్నీ చూసి ఆపాలి, పలుకుని చూసి కాదు.

ఓవెన్ ఆన్ చేయాల్సింది కూడా ఈ సమయంలోనే. టిన్నుకి వెన్న రాసి, అడుగున బటర్ పేపర్ గుండ్రంగా కోసి పరిచి పక్కన సిద్ధంగా ఉంచుకోండి. ఎందుకు ఇప్పుడే అన్నది కాసేపట్లో తెలుస్తుంది.

గుడ్లు, ఆ తరువాత మైదా

గుడ్డులో నాలుగింట మూడొంతులు నీళ్లే. 200 గ్రాముల గుడ్లు వేయడమంటే వెన్నలోకి 150 గ్రాముల నీళ్లు ఎక్కించడం. నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. పచ్చసొనలోని లెసిథిన్ అనే పదార్థం ఆ రెండింటినీ పట్టి ఉంచుతుంది, కానీ దానికి సమయం ఇవ్వాలి. గుడ్లన్నీ ఒక గిన్నెలో కొట్టుకుని, ఆరేడు విడతలుగా, ఒక్కోసారి రెండు మూడు చెంచాల చొప్పున వేయండి. ఒక విడత పూర్తిగా కలిసిపోయి, మిశ్రమం మళ్ళీ నున్నగా, మెరుస్తూ కనిపించాకే ఇంకో విడత. ఒక్కోదానికి అరనిమిషం పైనే పడుతుంది. మొదటి మూడు విడతలు తేలిగ్గా కలుస్తాయి. ఇబ్బంది చివర్లో వస్తుంది, ఎందుకంటే 200 గ్రాముల వెన్న పట్టుకోగలిగే నీటి పరిమితికి దగ్గరపడుతుంటాం.

విరిగితే ఎలా ఉంటుంది? నున్నటి క్రీము కాస్తా విరిగిన పాలలా, తెల్లటి రవ్వలు నీళ్లలో తేలుతున్నట్టు అయిపోతుంది. గుడ్లు చల్లగా ఉండటమే ముఖ్య కారణం. చల్లటి గుడ్డు తగలగానే వెన్న గట్టిపడి నీళ్లని వదిలేస్తుంది. అప్పుడు గాభరా పడి పారబోయనక్కర్లేదు. గిన్నె అడుగుని గోరువెచ్చని నీళ్లలో 10 సెకన్లు ఉంచి మళ్ళీ కొట్టండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది. లేదంటే తూచి పెట్టుకున్న మైదాలోంచి ఒక టేబుల్ స్పూన్ తీసి వేయండి. విరిగిన మిశ్రమంతో చేసినా కేకు తినేలాగే ఉంటుంది, కాకపోతే లోపల ముతకగా, పొంగు కాస్త తక్కువగా వస్తుంది. "విరిగినా ఏం కాదు" అని కొట్టిపారేసే వంటవాళ్లు ఉన్నారు. రెండు రకాలూ చేసి ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట అనలేరు.

ఇక్కడివరకూ నిదానమే ప్రధానం. మైదా గిన్నెలో పడిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది.

మైదాలో ఉన్న ప్రొటీన్లకి నీళ్లు తగిలి, కదలిక తోడైతే గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటుంది. రొట్టెకి అది కావాలి, కేకుకి అది శత్రువు. ఎంత కలిపితే అంత సాగుడు. మామూలు మైదాలో 10 నుంచి 12 శాతం ప్రొటీన్ ఉంటుంది, కేకుల కోసం ప్రత్యేకంగా అమ్మే పిండిలో 7 నుంచి 9 శాతం. ఉన్న మైదాతోనే దాని దగ్గరికి రావాలంటే 200 గ్రాముల్లో 25 గ్రాములు తీసేసి అంతే బరువు కార్న్‌ఫ్లోర్ కలపండి. బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. జల్లించేది ఉండల కోసం మాత్రమే కాదు, పౌడర్ అంతటా సమానంగా పట్టాలి. లేకపోతే కేకులో ఒకచోట పెద్ద రంధ్రం, ఇంకోచోట దిమ్మ.

మైదాని మూడు భాగాలుగా వేసి, స్పాచులాతో కట్ అండ్ ఫోల్డ్ చేయాలి. స్పాచులాని గిన్నె మధ్యలో కత్తిలా దింపి, అడుగు మీదుగా మీ వైపుకి గీసుకుంటూ వచ్చి, అంచు వెంబడి పైకి తెచ్చి మిశ్రమాన్ని దాని మీదికే తిరగేసి వేయాలి. ఇంకో చేత్తో గిన్నెని కాస్త తిప్పండి, మళ్ళీ అదే. గుండ్రంగా తిప్పడం మొదలైతే గ్లూటెన్ మొదలైనట్టే. మొదటి భాగం ముప్పాతిక కలవగానే రెండోది, తరువాత పాలు, వెనీలా, ఆపైన మూడోది. చివరి తెల్లటి చార కనబడకుండా పోయిందా, చెయ్యి ఆపేయండి. చిన్న చిన్న మైదా ఉండలు ఒకటి రెండు మిగిలినా ఫరవాలేదు, ఓవెన్‌లో తేమకి అవే కలిసిపోతాయి. మొత్తం పని ఒకటిన్నర రెండు నిమిషాలు దాటకూడదు. ఇక్కడ శ్రద్ధ చూపించే వాళ్లకే కేకు చెడుతుంది. నున్నగా లేదే అన్న బెంగతో ఇంకో వంద చుట్లు తిప్పుతారు, కోసినప్పుడు పైకి పాకిన పొడుగాటి సొరంగాలు కనిపిస్తాయి.

టిన్నులో పోసేటప్పుడు సగానికి పైన, మూడింట రెండొంతులకి మించకుండా నింపాలి. మధ్యలో చెంచా వెనకతో కొద్దిగా నొక్కి పిండిని అంచులవైపు జరిపితే గోపురంలా పొంగడం తగ్గుతుంది. ఒకసారి టిన్నుని బల్ల మీద తట్టి, వెంటనే ఓవెన్‌లోకి. బేకింగ్ పౌడర్ చాలామటుకు రెండు దశల్లో పనిచేస్తుంది, తడి తగలగానే కొంత, వేడి తగిలాక మిగతాది. మొదటి దశ ఇప్పటికే నడుస్తోంది. ఈ కేకు 10 నిమిషాలు బయట ఉంటే చచ్చిపోదు గానీ, పెరుగూ వంటసోడాతో చేసే కేకులైతే ప్రతి నిమిషమూ నష్టమే. వంటసోడాకి పులుపు తగిలితే పని అప్పుడే మొదలై అప్పుడే అయిపోతుంది. ఓవెన్‌ని ముందే వేడి పెట్టమన్నది ఇందుకే.

ఓవెన్ లోపల

వేడెక్కుతోందని చూపే లైటు ఆరింది కాబట్టి ఓవెన్ వేడెక్కినట్టే అనుకోవడం ఇంకో ఉచ్చు. ఆ లైటు చెప్పేది లోపలి గాలి గురించి. గోడలూ ర్యాకూ ఇంకా వేడి పట్టి ఉండవు. తలుపు తీసి టిన్ను పెట్టేసరికి ఆ గాలి బయటికి పోతుంది, వెనకాల నిల్వ వేడి లేదు. లైటు ఆరాక ఇంకో 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. డయల్ మీద 170 అని ఉన్నా లోపల 155 ఉండొచ్చు, 190 ఉండొచ్చు. ఇంటి ఓవెన్లలో ఇది మామూలే. ర్యాక్‌కి తగిలించే చిన్న ఓవెన్ థర్మామీటర్ చవకైన వస్తువు, ఖరీదైన టిన్నులకన్నా ముందు కొనాల్సింది అదే. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించండి. టిన్ను నల్లటిదైనా గాజుదైనా 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించడం మంచిది, అంచులు మాడకుండా.

లోపల జరిగేదంతా ఒక పరుగు పందెం. 35 డిగ్రీలకల్లా వెన్న కరిగిపోతుంది, ఇప్పటిదాకా అది మోసిన గాలి బుడగలు నీటి భాగంలోకి విడుదలవుతాయి. వేడికి వాయువూ ఆవిరీ వ్యాకోచిస్తాయి, బేకింగ్ పౌడర్ రెండో దశ మొదలవుతుంది, పిండి పైకి లేస్తుంది. అంతలో గుడ్డులోని ప్రొటీన్లు గట్టిపడాలి, మైదాలోని పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బి నిలబడాలి. పంచదార ఈ రెండింటినీ ఆలస్యం చేస్తుంది. కేకు పొంగడానికి గడువు దొరికేది దానివల్లే. పొంగడం ముందు, గట్టిపడటం వెనక, కానీ మరీ వెనక కాదు.

ఓవెన్ మరీ వేడిగా ఉంటే అంచులూ పైభాగమూ ముందే గట్టిపడి, లోపలి పిండి దారి లేక మధ్యలో పగులుకొట్టుకుని వస్తుంది. మరీ చల్లగా ఉంటే బుడగలు పెద్దవై, కలిసిపోయి, గోడలు గట్టిపడేలోపే పడిపోతాయి. తలుపు తీస్తే జరిగేదీ ఇదే. చిన్న ఓవెన్లలో ఒక్క క్షణంలో పదుల డిగ్రీలు పడిపోతాయి, ఉబ్బిన వాయువు చల్లబడి కుంచించుకుపోతుంది, ఇంకా పచ్చిగా ఉన్న మధ్యభాగం కుంగుతుంది. ఒకసారి కుంగినది మళ్ళీ లేవదు. 50 నిమిషాల కేకుకి 38వ నిమిషం దాకా తలుపు జోలికి పోవద్దు. అద్దంలోంచి చూడండి, అద్దం లేకపోతే చూడకండి. పై రాడ్ దగ్గరగా ఉండి రంగు త్వరగా పట్టేస్తుంటే ఆ 38 దాటాక వదులుగా ఫాయిల్ కప్పండి.

ఇక టిన్ను కొలత. 20 సెంటీమీటర్ల టిన్నుకి రాసిన రెసిపీని 23 సెంటీమీటర్ల దాంట్లో పోస్తే పేరుకి మూడు సెంటీమీటర్లే తేడా, కానీ అడుగు వైశాల్యం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కేకు పల్చబడి 35 నిమిషాలకే ఎండిపోతుంది. 15 సెంటీమీటర్ల టిన్నుకి ఇక్కడి కొలతల్లో సగం, అంటే 2 గుడ్ల లెక్క, దాదాపు సరిపోతుంది.

అయిందో లేదో తేల్చడానికి టూత్‌పిక్ ఒక్కటే నమ్మకండి. అది ఏదో బుడగలోంచి దిగి శుభ్రంగా బయటికి రావచ్చు. రెండుచోట్ల గుచ్చండి. తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు మెత్తటి కేకు తునకలు అంటుకుంటే అది సరైన స్థితి, మరీ పొడిగా వస్తే కాస్త దాటిపోయిందన్నమాట. మధ్యలో వేలితో నొక్కితే తిరిగి లేవాలి. అంచు టిన్నుని వెంట్రుకవాసి వదలాలి. ఇంకో గుర్తు చాలామందికి తెలీదు: చెవి దగ్గర పెట్టుకుని వినడం. ఉడుకుతున్న కేకు చిటపటమని గట్టిగా పలుకుతూ ఉంటుంది, లోపలి తడి ఆవిరవుతున్న చప్పుడది. ఆ చప్పుడు సన్నగిల్లి అక్కడక్కడా వినబడే స్థాయికి వస్తే తీయొచ్చు. వంట థర్మామీటర్ ఉంటే వాదనే లేదు, మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు.

దించాక

అందరికీ ఓపిక నశించేది ఇక్కడ, వాసన ఇల్లంతా పట్టాక. కానీ ఓవెన్‌లోంచి తీసిన కేకు ఇంకా పూర్తిగా తయారు కాలేదు. ఉబ్బిన పిండిపదార్థం చల్లారుతూ బిగుసుకుంటేనే దానికి బలం వస్తుంది. వెంటనే తిరగేస్తే విరుగుతుంది. టిన్నులోనే 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, ఆ తరువాత వైర్ ర్యాక్ మీదికి మార్చండి. అంతకన్నా ఎక్కువసేపు టిన్నులో వదిలేస్తే ఆవిరి అడుగున నీరై కేకు చెమ్మగిలుతుంది. నూనె, తెల్లసొన నురుగుతో చేసే షిఫాన్ కేకుది మాత్రం పూర్తిగా వేరే దారి. దాని టిన్నుకి వెన్న రాయకూడదు, దించగానే టిన్నుతోసహా బోర్లించి, చల్లారేదాకా అలాగే వేలాడదీయాలి. దాని నురుగు గోడలు అంత బలహీనం, నిటారుగా ఉంచితే సొంత బరువుకే కుంగిపోతాయి.

మన వెన్న కేకు ర్యాక్ మీద పూర్తిగా చల్లారడానికి రెండు గంటలు పడుతుంది. అడుగున చెయ్యి పెట్టి చూస్తే వెచ్చదనం తెలియకూడదు. అప్పటిదాకా ఐసింగ్ జోలికి వెళ్తే వెన్న క్రీము జారిపోవడం ఖాయం. ఐసింగ్ లేకపోయినా ఈ కేకుని చుట్టి పెట్టి మర్నాడు కోయమంటాను. తేమ పైపొర నుంచి మధ్యదాకా సర్దుకుని ముక్క పొడిపొడిగా రాలకుండా తెగుతుంది. వేడివేడిగా తింటే బాగుంటుందనేవాళ్లతో నాకు పేచీ లేదు, కానీ ఆ ముక్కని చూసి కేకు ఎలా వచ్చిందో తీర్పు చెప్పకండి.

తీర్పుకి పనికొచ్చేది చల్లారాక కోసిన అడ్డకోత. మధ్యలో కుంగి, కుంగిన చోట బంకలాంటి పచ్చి పట్టీ ఉంటే ఉడకలేదు, లేదా తలుపు ముందే తీశారు. కుంగింది గానీ లోపల ఉడికే ఉంది, పెద్ద పెద్ద రంధ్రాలున్నాయంటే బేకింగ్ పౌడర్ ఎక్కువ. అడుగున మెరిసే గట్టి పొర ఉంటే వెన్న మరీ మెత్తబడిందో, గుడ్లు విరిగాయో, గిన్నె అడుగు గీకలేదో చూసుకోవాలి. పొడుగాటి సొరంగాలు, రబ్బరులా సాగుడు ఉంటే మైదా వేశాక ఎక్కువ కలిపారు. మరుసటిసారి వీటిలో ఒక్కటే మార్చండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంత అవసరమా, అన్నీ ఒకే గిన్నెలో వేసి 2 నిమిషాలు కొట్టి చేసే కేకులు లేవా అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి, బాగానే ఉంటాయి. అక్కడ గాలి పని బేకింగ్ పౌడర్ మీద పడుతుంది కాబట్టి అది కాస్త ఎక్కువ వేస్తారు, లోపలి గుల్ల కొంచెం ముతకగా ఉంటుంది. నూనెతో చేసే కేకులకైతే వెన్న కొట్టడం అన్న మాటే లేదు. గుడ్డు లేకుండా చేయాలంటే ఈ పౌండ్ కేకులోంచి గుడ్లు తీసేసి ఇంకేదో వేస్తే కుదరదు, ఎందుకంటే నీళ్లు, బిగింపు, కలుపుదల మూడూ ఒకేసారి పోతాయి. దానికి వేరే లెక్క ఉంది: 190 గ్రాముల మైదా, 240 గ్రాముల పెరుగు, 150 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల నూనె, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంటసోడా. 175 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. ఇందులో ముందు ఆగాల్సిన పని లేదు, అందుకే మైదా పడ్డాక ఇంకా తొందరపడాలి. ఆగే చోట్లు రెసిపీని బట్టి మారతాయి. కలపడం ఎక్కడ ఆపాలి, ఓవెన్ తలుపు ఎప్పుడు తీయాలి అన్నవి మాత్రం మారవు.

పంచదార తగ్గించాలనుకునేవాళ్లకి: 200 గ్రాములని 170 దాకా తగ్గిస్తే పెద్దగా తెలియదు. 150కి దిగితే కేకు పాలిపోయి, బిగుసుకుని, రెండో రోజుకే ఎండుతుంది. తేమని పట్టి ఉంచేది, మెత్తదనం ఇచ్చేది పంచదారే. తీపి తగ్గాలంటే ముక్క చిన్నది కోసుకోవడమే తేలిక.

నిల్వ విషయానికి వస్తే, క్రీము లేని కేకుని ఫ్రిజ్‌లో పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. పిండిపదార్థం అన్నిటికన్నా వేగంగా గట్టిపడి పాతబడేది ఆ చల్లదనంలోనే. గాలి చొరని డబ్బాలో బయటే ఉంచితే రెండు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. గది మరీ వేడిగా, ఉక్కగా ఉంటే అంతకాలం ఆగదు, బూజు వస్తుంది. అప్పుడు ఫ్రిజ్ కాదు, ఫ్రీజరే దారి. ముక్కలుగా కోసి, ఒక్కోదాన్ని విడిగా బిగుతుగా చుట్టి పెట్టండి. నెల దాటినా బాగుంటాయి. తినాలనుకున్నప్పుడు చుట్టు విప్పకుండానే బయట పెట్టండి. విప్పి పెడితే గాలిలోని తేమ ముక్క మీద నీటి బొట్లుగా దిగుతుంది. గంటలో మామూలు స్థితికి వస్తుంది.